గేటమ్మ గొంతు

"ఫ్యాను ఎవరు కట్టేశారే?"

హాల్లో దివాను మీద నడుం వాల్చిన వెంకటరావమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది.

"నేనే నానమ్మా. ఒక్క ఐదు నిమిషాలు ఓపిక పట్టు," అంది తన్మయి.

"ఇందాకట్నించీ ఆ ఐదు నిమిషాలే చెప్తున్నావు. మే నెల, బెజవాడ, మిట్టమధ్యాహ్నం. ఫ్యాను కట్టేసి మనుషుల్ని ఉడకబెట్టమని ఏ కాలేజీలో నేర్పారు నీకు?"

"ఫ్యాను తిరుగుతుంటే మైకులో బరబరమని రికార్డవుతుంది నానమ్మా. బెడ్రూములో ఏసీ వేస్తాను, వెళ్ళి పడుకో."

"ఏసీ వేస్తే నాకు మోకాళ్ళు పట్టేస్తాయి. ఇది మీ తాతయ్య దగ్గరుండి బిగించిన ఫ్యాను. దీని కింద పడుకునే హక్కు నాకుంది."

"తాతయ్య బిగించింది ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేశాం. ఇది నాన్న కొన్నది."

"అయితే నా కొడుకు కొన్నది. హక్కు ఇంకా ఎక్కువైంది. వెయ్యి."

ఈ తగువంతా దుప్పటి లోపల్నించి వింటోంది నాగవేణి. ఆమె నెత్తి మీంచి మోకాళ్ళ దాకా మందపాటి చేనేత దుప్పటి కప్పి ఉంది. వస్త్రలత బట్టల మార్కెట్లో వాళ్ళ షాపు నించి తెచ్చిందే. గొంతు గోడలకి కొట్టుకుని గుయ్యిమనకుండా అలా కప్పుకోవాలని కూతురు చెప్పింది. చేతిలో మైకు, ఒళ్ళో ఫోను, మొహమంతా చెమట. అయినా ఆ గుడారంలోంచి బయటికి రావాలని లేదు ఆమెకి. బీయస్సీ చదివి, పెళ్ళైన దగ్గర్నించీ ఇంటిపనితోనే సరిపెట్టుకున్న మనిషిని, "అమ్మా, నీ గొంతే కావాలి" అని ఒకళ్ళు అడగడం ఇదే మొదలు.

"ఒక్క మాట మిగిలింది అత్తయ్యా. అది చెప్పేసి ఫ్యాను నేనే వేస్తాను," అంది లోపల్నించి.

"నువ్వు కూడానా! అదంటే చిన్నపిల్ల," అని గొణుక్కుంటూ విసనకర్ర అందుకుంది వెంకటరావమ్మ.

తన్మయి కంకిపాడు వైపున్న ఒక ఇంజనీరింగు కాలేజీలో చదువుతోంది. ఖాళీ దొరికితే కంప్యూటర్లో ఒక ఆట ఆడుతుంది. ఆ ఆటలో లోకమంతా యుద్ధంలో నాశనమైపోయి ఉంటుంది. మిగిలినవాళ్ళు అక్కడోటి ఇక్కడోటి చిన్న ఊళ్ళు కట్టుకుంటారు. ఊరు కట్టి ఒక రేడియో టవరు నిలబెడితే, ఆ పిలుపు విని దిక్కులేని జనం ఒక్కొక్కళ్ళే నడుచుకుంటూ వచ్చి చేరతారు. మొదట్లో నాగవేణి టీ ఇవ్వడానికి వచ్చి, కుర్చీ వెనక నిలబడి చూసేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"వచ్చినవాళ్ళని వచ్చినట్టు రానిచ్చేస్తావేంటే? మంచాలెన్నున్నాయో చూసుకోవద్దూ? ఆ ఒక్క చేతిపంపు మీద ఇంతమందా?"

"ఆట అంతేనమ్మా. టవరు పెడితే వస్తూనే ఉంటారు. అందరూ మొదటి ఊళ్ళోనే పోగుపడతారు. రెండో ఊరు ఖాళీగా పడుంటుంది."

"ఈ ఆట చేసినవాడెవడో ఇల్లు నడిపినవాడు కాదు," అంది నాగవేణి.

ఆ మాటకి స్పీకర్లో పెట్టిన ఫోన్లోంచి పకపకమని నవ్వు వినిపించింది. అది జుబియా. తన్మయి క్లాసులోనే చదువుతుంది. ఇద్దరూ కలిసి ఆ ఆటకి మాడ్ తయారుచేస్తున్నారు. రెడీమేడ్ జాకెట్టు కొనుక్కుని మనకి పట్టేలా కుట్లు వేయించుకుంటాం చూడు, అలా కంపెనీవాళ్ళు అమ్మిన ఆటని ఆడేవాళ్ళు తమకి కావలసినట్టు మార్చుకోవడమే మాడ్ అని తన్మయి చెప్తే నాగవేణికి బోధపడింది. ఊరి బయట ఒక గేటు, గేటు దగ్గర ఒక ఆడమనిషి. వచ్చినవాళ్ళని పలకరించి, ఎవరిని ఏ ఊరికి పంపాలో, ఎవరిని ఆపాలో ఆమె చూసుకుంటుంది. పిల్లలు ఆమెకి గేటమ్మ అని పేరు పెట్టారు.

ఆ రోజు నించీ నాగవేణి చెప్పడం, జుబియా దాన్ని ప్రోగ్రాములోకి ఎక్కించడం. వచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళివ్వాలి, తర్వాతే ఊరూ పేరూ అడగాలి. తల్లినీ పిల్లల్నీ విడదీసి చెరో ఊరికి పంపకూడదు. నీళ్ళు ఎండాకాలం లెక్కన చూసుకోవాలి, వానాకాలం లెక్కన కాదు. "ఇవన్నీ మాకెందుకు తోచలేదాంటీ?" అనేది జుబియా. ఆ పూట నాగవేణి కూరలో ఉప్పు సరిగ్గా పడేది.

ఇవాళ మిగిలిన ఒక్క మాట, చోటు లేదని చెప్పి పంపించే మాట. తన్మయి రాసిపెట్టింది: 'ఇక్కడ ఖాళీ లేదు. వెళ్ళిపోండి.' నాగవేణి ఒప్పుకోలేదు.

"అలా మొహం మీద కొట్టినట్టు చెప్తారా ఎవరైనా? అంత దూరం నడిచొచ్చిన మనుషులాయె. 'అయ్యో, ఇప్పుడేనండీ, వేరేవాళ్ళకి మాటిచ్చేశాం. కాస్త ముందొచ్చుంటే బాగుండేది' అనాలి. వాళ్ళూ నొచ్చుకోరు, మనకీ మాట రాదు."

"నిజంగా ఎవరికీ మాటివ్వకపోతేనో ఆంటీ?" ఫోన్లోంచి అడిగింది జుబియా.

"ఇవ్వకపోతే ఏమైందమ్మా? మర్యాదకి అంటాం."

"అలా కుదరదాంటీ. ప్రోగ్రాముకి కారణం ఇవ్వాలి. మంచాలు చాలట్లేదా, నీళ్ళు చాలట్లేదా, తిండి చాలట్లేదా. ఏదో ఒకటి నిజమైతేనే గేటమ్మ ఆ మాట అంటుంది. ఉత్తినే పంపించెయ్యమంటే తనకి చేతకాదు."

"అయితే మీ గేటమ్మకి లోకజ్ఞానం తక్కువ," అంది నాగవేణి.

ముగ్గురూ నవ్వుకున్నారు. తర్వాత నాగవేణి గొంతు సవరించుకుని ఆ మాట చెప్పింది. మొదటిసారికే కుదిరింది.

"అబ్బ, ఎంత తియ్యగా అన్నారాంటీ! మీరు పొమ్మంటే నేనైతే థాంక్స్ చెప్పి మరీ పోతాను," అంది జుబియా.

నాగవేణి దుప్పటి తీసేసి, వెళ్ళి ఫ్యాను వేసింది.

*

మాడ్ ఇంటర్నెట్లో పెట్టిన తర్వాత ఎక్కడెక్కడి తెలుగు పిల్లలో దాన్ని దించుకున్నారు. గేటమ్మ గొంతు వింటే మా పెద్దమ్మ గుర్తొస్తోందని ఒకడు రాశాడు. రిజెక్ట్ చేసినా కోపం రావట్లేదని ఇంకొకడు. తన్మయి అవి చదివి వినిపిస్తుంటే నాగవేణి, "చాల్లే, పోయి చదువుకో" అనేది. సాయంత్రం గుళ్ళో కలిసిన వాళ్ళకి మాత్రం ఏదో వంకన ఆ సంగతి చెప్పేది.

అప్పుడే పటమటలో వాళ్ళింటి పైపోర్షను ఖాళీ అయింది. అద్దెకుంటున్న వెంకటసుబ్బారావుగారికి విశాఖపట్నం బదిలీ అయింది. పైపోర్షను పెత్తనం మొదట్నించీ నాగవేణిదే. భర్త ఉమామహేశ్‌కి షాపుతోనే సరిపోతుంది. బోర్డు రాయించి గేటుకి కట్టించింది. వచ్చినవాళ్ళందరికీ తనే ఇల్లు చూపించింది. ఒకళ్ళకి మెట్లు ఎక్కువయ్యాయి, ఒకళ్ళకి వంటిల్లు చిన్నదైంది.

జూన్ చివర్లో ఒక ఆదివారం పొద్దున్న గేటు చప్పుడైంది. ఉమామహేశ్ చికెన్ తేవడానికి వెళ్ళాడు. తన్మయి ఇంకా లేవలేదు. నాగవేణి అల్లం వెల్లుల్లి నూరుతూ, చెయ్యి కొంగుకి తుడుచుకుని బయటికొచ్చింది. గేటవతల ఒక పెద్దమనిషి, పక్కన ఆయన భార్య, వెనకాల కాలేజీ పిల్ల. ఆ పిల్ల నల్ల స్కార్ఫు కట్టుకుంది.

"ఎండలో నిలబడ్డారేంటి, లోపలికి రండి," అంది నాగవేణి.

ఆమె గొంతు వినగానే ఆ పిల్ల మొహం విప్పారింది. తల్లి మోచెయ్యి పొడిచి, నవ్వు ఆపుకుంటోంది. నాగవేణికి అర్థం కాలేదు. తన మొహాన పసుపేమైనా అంటిందేమోనని చేత్తో తడుముకుంది.

వరండాలో కుర్చీలు వేసి, చల్లటి నీళ్ళిచ్చింది.

"నా పేరు మునీరండీ," అన్నాడు ఆయన గ్లాసు దించి. "ఆటోనగర్లో లేత్ వర్క్‌షాపుంది నాకు. సింగ్‌నగర్లో ఉంటున్నాం. వరద దగ్గర్నించీ ఇంటి గోడలు ఆరట్లేదండీ. మా ఆవిడకి ఆయాసం. పటమట అయితే ఎత్తుమీద ఉంటుంది, నాకు పనికీ దగ్గర."

"అయ్యో పాపం. బుడమేరు పొంగినప్పుడు మా వీధి ఆడవాళ్ళం కలిసి మీవైపే పులిహోర పొట్లాలు పంపించామండీ," అంది నాగవేణి.

"మాకు అందినాయండీ. రుణపడి ఉన్నాం," అందావిడ.

ఆ పిల్ల ఏదో చెప్పబోతున్నట్టు ముందుకి జరిగింది. ఈలోగానే నాగవేణి నోట్లోంచి మాట వచ్చేసింది. తను ఆలోచించి అన్నది కాదు. ఎప్పట్నించో నాలిక మీద కూర్చున్న మాటలా దానంతటదే జారింది.

"అయ్యో, ఇప్పుడేనండీ, వేరేవాళ్ళకి మాటిచ్చేశాం. కాస్త ముందొచ్చుంటే బాగుండేది."

మునీర్ తలాడించి, ఫర్వాలేదండీ అని లేచాడు. ఆయన భార్య గ్లాసులు మూడూ ఒకచోట చేర్చి పెట్టింది. ఆ పిల్ల మాత్రం నాగవేణి మొహంలోకే చూస్తూ నిలబడిపోయింది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చెప్పాలనుకున్నది చెప్పనేలేదు.

"ఎప్పుడైనా ఖాళీ అయితే ఒక ఫోను చెయ్యండి," అని కార్డు ఇచ్చి వెళ్ళాడు మునీర్.

నాగవేణి లోపలికొచ్చి ఆ గ్లాసులు మూడూ తోమింది. మిగతా అంట్లు పనిమనిషికి వదిలేసి, అవి మాత్రమే ఎందుకు తోమిందో అప్పుడు ఆమెకి తోచలేదు.

"ఎవరే?" అంది దివాను మీంచి అత్తగారు.

"ఇంటికోసం వచ్చారు. ఇచ్చేశామని చెప్పాను. సాయిబులత్తయ్యా."

"మంచిపని చేశావు."

ఉమామహేశ్ సంచితో వచ్చి, విని, "నీ ఇష్టం. పైపోర్షను సంగతి నన్నడక్కు," అన్నాడు.

*

ఆ వారంలోనే ఒక సాయంత్రం నాగవేణి దొండకాయలు తరుగుతుంటే తన్మయి వచ్చి వంటింటి గట్టు మీద కూర్చుంది.

"అమ్మా, ఏమీ అనుకోకు. జుబియా నీ గొంతు మార్చేద్దామంటోంది."

"ఎందుకు? బాగాలేదా?"

"అది చెప్పదు. అసలు నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. క్లాసులో పక్కనే కూచుంటుంది, అడిగినదానికి జవాబిస్తుంది, అంతే. పాపం వాళ్ళకి ఇల్లు దొరకట్లేదని బాధేమో. పోయిన ఆదివారం ఒకిల్లు చూడ్డానికి వెళ్తున్నామంది. దొరికితే నాకు పెద్ద సర్‌ప్రైజంట. ఎక్కడే అంటే నవ్వింది. సోమవారం అడిగితే, ఎవరికో ఇచ్చేశారంట అంది."

నాగవేణి చేతిలోని దొండకాయ కత్తిపీట మీద సగంలో ఆగింది.

"వాళ్ళ నాన్న ఏం చేస్తారు?"

"మునీర్ అంకులా? లేత్ వర్క్‌షాపు. ఆటోనగర్లో. ఏమ్మా?"

చెప్పడానికి అదే సమయం. కూతురు ఎదురుగానే ఉంది. వంటింట్లో ఇంకెవరూ లేరు.

"ఈ దొండకాయలన్నీ ముదురు," అంది నాగవేణి.

మైకు పంపించమని ఎండాకాలంలో తన్మయి ఆ పిల్లకి ఇంటి అడ్రసు పెట్టింది. పైన ఖాళీ అయిందని కూడా మాటల్లో చెప్పే ఉంటుంది. స్నేహం చెప్పుకుని అడిగితే మొహమాటానికి ఇస్తారని, మామూలు మనుషుల్లాగే వచ్చి అడిగి, ఇల్లు కుదిరాక పేరు చెబుదామనుకుంది కాబోలు. అందుకే ఆ నవ్వు. తను నోరు విప్పగానే గేటమ్మ అని గుర్తుపట్టి మురిసిపోయింది. ఆ మురిపెం మీదే తను ఆ మాట అంది. అదే గొంతు, అదే తీపి, అక్షరం పొల్లుపోకుండా.

ఆ పిల్ల ఈ సంగతి తన్మయికి చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో తెలుసు గనక చెప్పలేదు. తన కూతురి దగ్గర తన పరువు ఆ పిల్ల కాపాడుతోంది. నాగవేణికి అన్నిటికంటే అది మింగుడు పడలేదు.

కారణం వెతుక్కుంది. మాంసం వాసనా? అల్లం వెల్లుల్లి చేతుల్తోనే కదా తను గేటు తీసింది. కొత్తవాళ్ళనా? వెంకటసుబ్బారావుగారు మాత్రం పాతవారా? అత్తగారు ఒప్పుకోదనా? ఆవిణ్ణి అడగనేలేదు. భర్త వద్దంటాడనా? ఆయనకి ఏ సంగతీ పట్టదు. బోరులో నీళ్ళున్నాయి, పైన రెండు గదులున్నాయి. మర్యాదగా పొమ్మనడంలో తనంతటివాళ్ళు లేరని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ మర్యాద ఎందుకోసమో ఇప్పుడు తెలిసింది. పొమ్మన్నది తనే అని తనకి తెలియకుండా ఉండటానికి.

మర్నాడు మధ్యాహ్నం తన్మయి కాలేజీలో ఉండగా కంప్యూటరు పెట్టి ఆట తెరిచింది. ఆడటం ఆమెకి కొద్దిగా వచ్చు. గేటు దగ్గరికి ఒక మొగుడూ పెళ్ళాం, వెనకాల ఒక పిల్లా వచ్చి నిలబడ్డారు. ఆటలో ఎప్పుడూ ఎవరో ఒకళ్ళు అలా వస్తూనే ఉంటారు. పంపించే మాట మీద నొక్కింది. కారణం అడిగింది. మంచాలు, నీళ్ళు, తిండి, మూడింటి మీదా బూడిదరంగు. నొక్కితే కదలవు. ఊళ్ళో అన్నీ సరిపోయినన్ని ఉన్నాయి. గేటమ్మ నోరు విప్పలేదు. ఆ ముగ్గురూ ఏ తొందరా లేకుండా అలాగే నిలబడ్డారు. నాగవేణి లేచి కంప్యూటరు కట్టేసింది. సరిగ్గా కట్టేసిందో లేదో మళ్ళీ వచ్చి చూసుకుంది.

*

శనివారం, షాపుకి వెళ్ళొస్తానని అత్తగారికి చెప్పి ఆటో ఎక్కింది. ఆ అబద్ధం కూడా ఎంత సులువుగా వచ్చిందో దారిలో గమనించింది. మునీర్ కార్డు మీద ఇంటి చిరునామా ఉంది.

సన్నటి వీధి, రెండు గదుల ఇల్లు. గోడకి కొత్తగా రంగు వేశారు గానీ, స్విచ్‌బోర్డుకి పైన ఒక మట్టి చార రంగుని తోసుకుని పైకి తేలుతోంది. నీళ్ళు అక్కడిదాకా వచ్చాయన్నమాట. తలుపు తీసింది జుబియా. క్షణం ఆగి, "రండాంటీ" అంది. ఆ గొంతు ఫోన్లో రోజూ విన్నదే. నాగవేణి ఆ గొంతుని మొదటిసారి మనిషితో కలిపి చూస్తోంది.

జుబియా వాళ్ళమ్మ పేరు సయీదా. బియ్యం చేటతో నేలమీద కూర్చునుంది. లేవబోతే నాగవేణి వద్దని తనూ నేలమీదే కూర్చుంది.

"ఆ రోజు నేను ఎవరికీ మాటివ్వలేదండీ. ఇల్లు ఖాళీగానే ఉంది. మీకు అబద్ధం చెప్పాను," అంది. దారంతా కూడగట్టుకున్న మాటలు ఇవే. తర్వాత ఏమనాలో ఆలోచించుకోలేదు.

"తెలుసండీ," అంది సయీదా బియ్యంలో మట్టిగడ్డ ఏరుతూ. "మా ఆయన పనికి ఆ వీధినే వెళ్తారు. మర్నాడు కూడా బోర్డు ఉందన్నారు."

బోర్డు తీసేయాలని కూడా నాగవేణికి తోచలేదు. అబద్ధాన్ని కాపాడుకోవలసినంత మనుషులుగా కూడా వాళ్ళని అనుకోలేదు.

"మాకిది కొత్త కాదులెండి. ఒకచోట మేం శాకాహారులమంటారు, మేం వెనక్కి తిరిగేసరికి మేడ మీంచి చేపల పులుసు వాసనొస్తుంది. ఇంకోచోట మా అబ్బాయి వస్తున్నాడంటారు, ఆ అబ్బాయి ఇంకా పుట్టలేదేమో!" సయీదా తనే నవ్వింది. "మీరు నయం. మంచినీళ్ళిచ్చారు, కూచోమన్నారు."

"అలా అనకండి."

"ఎత్తిపొడవట్లేదండీ. మొహం మీద తలుపేసినవాళ్ళని తిట్టుకుంటూ వచ్చేస్తాం, ఆ పూటతో పోతుంది. మీరు అంత బాగా మాట్లాడి పంపేసరికి, తప్పు మా దగ్గరే ఉందేమో, నిజంగానే ఆలస్యమైందేమో అనుకుంటూ ఇంటిదాకా వచ్చాం. ఇదిగో, ఇదే చెప్పింది, కాదమ్మీ, అది అబద్ధమని. ఎలా తెలుసే అంటే, ఆ మాట నాకు ముందే తెలుసు, నేనే రికార్డు చేయించానంది."

జుబియా తల వంచుకుంది.

"ఒకటి అడగనా?" అంది సయీదా. "మా జుబియా మీ అమ్మాయి స్నేహితురాలని తెలిసి వచ్చారు కదా. ఈ మునీరు కాక ఇంకో మునీరు అయ్యుంటే వచ్చేవారా?"

వచ్చేదాన్నేననడానికి నాగవేణి నోరు సిద్ధంగానే ఉంది. ఆ నోటి సంగతి ఆమెకి ఇప్పుడు బాగా తెలుసు.

"వచ్చేదాన్ని కాదు," అంది.

"ఇది నిజం చెప్పారు."

"మీరు ఒప్పుకుంటే ఇల్లు మీకే. రేపు రమ్మన్నా రండి."

"ఆయన్నడగాలి. నన్ను నేను కూడా అడుక్కోవాలి. మెట్లెక్కేటప్పుడు దిగేటప్పుడు మీ అత్తగారు ఎలా చూస్తారో, మీరు మొహమాటానికి ఎంత నవ్వుతారో. ఆయాసం మనిషిని, మళ్ళీ సామాన్లు సర్దుకునే ఓపిక లేదు నాకు. చూసి చెప్తాం."

టీ ఇచ్చింది సయీదా. నాగవేణి చివరిదాకా తాగింది. సందు చివరిదాకా జుబియా తోడొచ్చింది.

"నీకు సారీ చెప్పడానికి మాట రావట్లేదమ్మా," అంది నాగవేణి.

"నేను తన్మయికి చెప్పలేదాంటీ. ఎన్నాళ్ళు దాస్తానో తెలీదు. అది నన్ను రోజూ అడుగుతోంది. దానితో మామూలుగా ఉండాలంటే నావల్ల కావట్లేదు. మీరే చెప్పండి."

*

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. నాగవేణి అందరికీ వడ్డించి, తన కంచంలో అన్నం పెట్టుకోకుండానే మొదలుపెట్టింది.

"పోయిన వారం ఇల్లడగడానికి వచ్చి, నేను పంపించేసినవాళ్ళు జుబియావాళ్ళు."

తన్మయి ముద్ద కంచంలోకి దించింది. "ఏ జుబియా? మన జుబియానా? వాళ్ళు మనింటికొచ్చారా? నేనెక్కడున్నాను?"

"నిద్రపోతున్నావు. ఎవరికో మాటిచ్చేశామని చెప్పాను. ఎవరికీ ఇవ్వలేదు."

తన్మయికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అది కూతురి మొహంలో మెల్లగా కనపడటం నాగవేణి చూసింది. చూపు తిప్పుకోకుండా చూసింది.

"ఆ మాటేనా?" అంది తన్మయి.

"ఆ మాటే."

"ఆ గొంతుతోనే?"

"ఊ."

"మా అమ్మ అలాంటిది కాదు, ఇలాంటిది కాదని ఏడాదిగా దాని బుర్ర తింటున్నానమ్మా నేను." తన్మయి గొంతు పెంచకుండానే అంది. అరిచినా బాగుండేది.

"నిన్న సింగ్‌నగర్ వెళ్ళి వాళ్ళకి నిజం చెప్పొచ్చాను. ఇల్లు తీసుకోమన్నాను."

"షాపుకని కదా వెళ్ళావు!" అంది వెంకటరావమ్మ.

"అదీ అబద్ధమే అత్తయ్యా."

ఉమామహేశ్ చెయ్యి కడుక్కోవాలా వద్దా అన్నట్టు చూశాడు. "అయిందేదో అయింది. వాళ్ళు ఇంకో ఇల్లు చూసుకుంటారు. నువ్వు అంత దూరం వెళ్ళి కాళ్ళమీద పడ్డట్టు చెప్పడం దేనికి? బజార్లో నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ ఏమీ అనుకోరండీ. నలుగురూ చేసేదే నేనూ చేశాను. అందుకే నాకు తప్పని తోచలేదు."

"ఇంట్లో పెద్దదాన్ని నేనొకదాన్ని ఉన్నాను," అంది వెంకటరావమ్మ. "రమ్మనే ముందు నన్నొక మాట అడగాలని లేదా?"

"పొమ్మన్నప్పుడు కూడా మిమ్మల్ని అడగలేదత్తయ్యా. మీరు మంచిపని చేశావన్నారు గానీ, చెయ్యమనలేదు. ఎప్పుడైనా బయటపడితే మా అత్తగారు ఒప్పుకోలేదండీ అని మీమీదికి తోసేద్దామని నా లోపల ఎక్కడో ఉంది. అదీ నాదే."

ముసలావిడ కోడలి మొహం చూసి, మజ్జిగ గ్లాసు దగ్గరికి లాక్కుంది. "వాళ్ళు వస్తామన్నారా?" అని అడిగింది.

"అనలేదు. రాకపోయినా వాళ్ళని తప్పుపట్టడానికి లేదు."

"మరి అప్పటిదాకా ఖాళీగా ఉంచుతావా?" అన్నాడు ఉమామహేశ్.

"ఉంచుతాను. పొద్దున్నే బోర్డు విప్పేశాను. వాళ్ళు అవుననో కాదనో చెప్పేదాకా పైపోర్షను ఎవరికీ చూపించేది లేదు. వస్తే వాళ్ళకే. కాదంటే మళ్ళీ బోర్డు కడదాం, ముందు ఎవరడిగితే వాళ్ళకే ఇద్దాం, పేరేదైనా సరే." నాగవేణి కూతురి వైపు తిరిగింది. తన్మయి కంచంలోకే చూస్తోంది. "గేటు దగ్గర నామీద నాకే నమ్మకం లేదు. ఇక నించీ ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళతో మాట్లాడేదీ, ఇస్తామో ఇవ్వమో చెప్పేదీ నేను కాదు. తన్మయి."